పార పట్టని పురావస్తు పని: హైదరాబాదులో సొంతంగా నిలదొక్కుకోవాలంటే

మీ వృత్తి ఏమిటో చెప్పిన మరుక్షణం ఎదురయ్యే ప్రశ్న ఒకటే. పెళ్ళి భోజనాల్లో అయినా, బ్యాంకులో అయినా, జిల్లా బస్సులో పక్క సీటాయన అయినా అడిగేది అదే: “అయితే ఎక్కడైనా నిధి దొరికిందా?” దొరకలేదంటే జాలిగా చూస్తారు. నవ్వి ఊరుకుంటే దొరికిందనే నమ్ముతారు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళ రెండో ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: “మరి జీతం ఎవరిస్తారు?”

ఈ రెండో ప్రశ్నకు జవాబు కూడదీసుకోవడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది. ఏ శాఖలోనూ ఉద్యోగం లేకుండా, హైదరాబాదులో ఒక అద్దె గది, ఒక బల్ల, ఒక కంప్యూటరు, రెండు ట్రంకు పెట్టెలతో ఈ పని చేసుకుని బతకవచ్చు. కారు కొనేంత కాదు కానీ అద్దె కట్టేంత వస్తుంది. అయితే దానికి ముందు వదులుకోవలసినది ఒకటుంది. అది తవ్వాలన్న కోరిక.

1. ముందు పారను పక్కన పెట్టండి

తవ్వకం మన దేశంలో లైసెన్సు పని. 1958 నాటి ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాల చట్టం కింద ఆ లైసెన్సు ఇచ్చేది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ, అంటే మనం ఏఎస్‌ఐ అని పిలిచేది. రాష్ట్ర ప్రభుత్వం తవ్వాలన్నా కేంద్రం ముందుగా ఆమోదించాలి. విశ్వవిద్యాలయాలకు, రాష్ట్ర శాఖలకు, గుర్తింపు ఉన్న పరిశోధనా సంస్థలకు లైసెన్సు వస్తుంది. మీలాగా నాలాగా ఒంటరిగా పనిచేసే మనిషికి ఇవ్వడం నేను చూడలేదు.

ఇంగ్లండులో కథ వేరు. అక్కడ 1990లో పీపీజీ 16 అనే ప్రణాళికా మార్గదర్శకం వచ్చాక, నేల తవ్వి భవనం కట్టేవారే ఆ నేలలో ఉన్న పురావస్తువుల పరిశీలనకు డబ్బు పెట్టుకునే పద్ధతి స్థిరపడింది. ఒప్పందాల మీద ఊరూరా తిరిగే పురావస్తు నిపుణులు అక్కడ ఉండటానికి కారణం అదే. మన గచ్చిబౌలిలో ముప్పై అంతస్తుల భవనానికి పునాది తీసేటప్పుడు పొక్లెయిన్ పక్కన అలాంటి మనిషి ఎవరూ నిలబడరు, నిలబెట్టమని బిల్డరును నిర్బంధించే ఏర్పాటూ లేదు. కాబట్టి అక్కడివాళ్ళు రాసిన సలహాలు చదివి ఇక్కడ బోర్డు పెడితే ఆర్నెల్లలో దించుకోవాలి.

మరో రెండు చట్టాలు కంఠతా రావాలి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన శిల్పం, నాణెం, లోహపు వస్తువు పురావస్తువు కిందికి వస్తాయి. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకైతే 75 ఏళ్ళు చాలు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. ఇక 1878 నాటి నిధుల చట్టం. పది రూపాయల విలువ దాటిన నిక్షేపం ఏది నేలలో దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. ఆ పది రూపాయలు విక్టోరియా రాణి కాలం నాటి పది రూపాయలు. అంకె మాత్రం అలాగే ఉంది. వీటికి తోడు తెలంగాణకు 2017లో వచ్చిన వారసత్వ చట్టం ఉంది, రాష్ట్ర రక్షిత కట్టడాలు దాని పరిధిలోకి వస్తాయి.

ఇదంతా భయపెట్టడానికి చెప్పడం లేదు. పొలంలో పైకి తేలిన ఒక్క కుండ పెంకును కూడా జేబులో వేసుకోకూడదనే అలవాటు మొదటి రోజే పడాలి. మీ గదిలో షోకేసు ఉండకూడదు. ఒక్క పూస, ఒక్క రాతి గొడ్డలి కనిపించినా చాలు, చూసినవాళ్ళు మీ నివేదికను చదివే తీరు మారిపోతుంది.

2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో రాష్ట్ర శాఖ తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలున్నాయి. బంగారం కాదు, సీసం. గుప్తనిధుల కోసం అర్ధరాత్రి గడ్డపారలతో తిరిగే ముఠా చేతికి ఆ కుండ చిక్కి ఉంటే విసుగుతో నేలకేసి కొట్టి వెళ్ళిపోయేవారు. శాఖవారు తవ్వారు కనుక కుండ ఏ లోతులో, దేని పక్కన, ఎలా ఉందో నమోదైంది. మీ వృత్తి అంతా ఆ ‘ఎక్కడ, ఎలా’ మీద ఆధారపడినదే. దాన్ని పార లేకుండా కూడా రాసిపెట్టవచ్చు.

2. రెండు చేతిపనులు గట్టిగా నేర్చుకోండి

చదువు సంగతి త్వరగా ముగిస్తాను. ఉస్మానియాలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాఖ ఉంది. పుణెలో డెక్కన్ కాలేజీ ఉంది. గ్రేటర్ నోయిడాలోని పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థ రెండేళ్ళ పీజీ డిప్లొమా ఇస్తుంది. పట్టా ఉండాలి, లేకపోతే ప్రభుత్వ కాగితాల్లో మీ పేరు ముందుకు కదలదు. అయితే మీకు డబ్బు ఇచ్చేవారు పట్టా చూసి ఇవ్వరు, మీరు చేసి చూపించిన పని చూసి ఇస్తారు.

అందుకే అన్నీ కొంచెం కొంచెం నేర్చుకోవడం కన్నా రెండు చేతిపనులు పట్టుకోండి. శాసనం అచ్చు తీయడం, కుండ పెంకుల బొమ్మలు గీయడం, కట్టడాల కొలత చిత్రాలు, ఫోటోగ్రామెట్రీ (చాలా ఫోటోలు కలిపి కొలతలతో త్రీడీ నమూనా తయారుచేయడం), పాత లిపులు చదవడం, పటాల పని. వీటిలో ఏవైనా రెండు ఎంచుకోండి. మొదటి జత ఏదని అడిగితే నేను శాసనాల పని, పటాల పని అంటాను. తెలంగాణలో ఊరికొక రాయి ఉంది, చదివేవాళ్ళు తక్కువ.

శాసనం అచ్చు, వృత్తిలో ఎస్టాంపేజీ అనేది, చూడటానికి చాకలి పనిలా ఉంటుంది. రాయిని ముందు పొడి బ్రష్షుతో, తరువాత నీళ్ళతో కడగాలి. ఇనుప బ్రష్షు, యాసిడ్ దగ్గరికి కూడా రానివ్వకండి. మన ఊళ్ళలో శాసనపు రాయి మీద పసుపు, కుంకుమ, నూనె జిడ్డు తరాల తరబడి పేరుకుని ఉంటాయి. ఈమధ్య భక్తితో ఎనామిల్ రంగు కూడా పూస్తున్నారు. రంగు పూసిన రాయి అయితే ఫోటోతో సరిపెట్టుకుని రండి. కడిగిన రాయి మీద జిగురు పట్టించని కాగితాన్ని తడిపి పరిచి, మధ్య నుంచి అంచులకు గాలి బుడగలను తోసేసి, గట్టి కుచ్చుల బ్రష్షుతో నిలువుగా కొడుతూ పోవాలి. కాగితం అక్షరాల గాట్లలోకి దిగాలి. చిరిగితే చిన్న తడి ముక్క అతికించి మళ్ళీ కొట్టాలి.

ఆ తరువాత ఆగాలి. ఈ ఆగడమే అసలు విద్య. కాగితం మీద మెరుపు పోవాలి, కానీ వేలు ఆనిస్తే ఇంకా చల్లగా తగలాలి. మే నెల ఎండలో ఆ ఘడియ కొన్ని నిమిషాల్లో వచ్చి దాటిపోతుంది, ముసురు రోజున గంట పట్టినా రాదు. సరిగ్గా అప్పుడు దూదిని గుడ్డలో మూటగట్టి, నల్ల సిరాలో అద్ది, అదనపు సిరాను పాత కాగితం మీద వదిలించి, పైపైన తట్టాలి. రుద్దితే అక్షరం మూసుకుపోతుంది. తొందరపడి తడి కాగితం మీద తడితే సిరా లోపలికి పాకి, నాలుగు గంటల పని నల్లటి మడ్డిగా మిగులుతుంది. సరిగా కుదిరితే నల్లని నేల మీద తెల్లని అక్షరాలు ఒక్కొక్కటే తేలి వస్తాయి. అప్పటిదాకా వెనక నిలబడి ఎగతాళి చేసిన కుర్రాళ్ళు ముందుకు వచ్చి, “ఇది ‘శ్రీ’ కదా సార్?” అంటారు.

రక్షిత కట్టడంలోని శాసనానికి సంబంధిత శాఖ అనుమతి లేకుండా అచ్చు తీయకూడదు. అనుమతి లేని చోట పక్క వెలుతురే మీ సిరా. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీయండి. లేదా సాయంత్రం చీకటి పడ్డాక టార్చిలైటును రాయికి పక్కగా పెట్టి, నాలుగు వైపుల నుంచి నాలుగు ఫోటోలు తీయండి. మధ్యాహ్నం కనిపించని అక్షరం అప్పుడు కనిపిస్తుంది.

లిపి విషయంలో ఒక మాట. తెలుగువాళ్ళం పాత తెలుగు-కన్నడ లిపి దాకా వెళ్ళి ఆగిపోతాం. హైదరాబాదులో కూర్చుని పని వెతుక్కునేవారు ఉర్దూ అక్షరాలు కూడా కూడబలుక్కుని చదవడం నేర్చుకోవాలి. నేను ముప్పై ఐదు దాటాక పాతబస్తీలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి దగ్గర అలిఫ్, బే నుంచి మొదలుపెట్టాను. పదేళ్ళు ముందే నేర్చుకోవలసింది. కుతుబ్‌షాహీ కట్టడాల మీద శాసనాలు అరబ్బీ, పారశీకాల్లో ఉంటాయి, నిజాం కాలపు భూమి కాగితాలు పారశీకంలో, ఉర్దూలో ఉంటాయి. తేదీల కోసం మూడు లెక్కలు గోడకు రాసి పెట్టుకోండి. శక సంవత్సరానికి 78, హైదరాబాదు ఫసలీ సంవత్సరానికి, అంటే నిజాం కాలపు శిస్తు లెక్కల సంవత్సరానికి, 590 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. హిజ్రీకి మాత్రం కూడిక చాలదు, అది చాంద్రమానం కాబట్టి పట్టిక చూడాలి.

3. ఊరు దాటకముందు ఊరిని చదవండి

కొత్తవాళ్ళు నేరుగా కరీంనగర్ వైపో నాగార్జునసాగర్ వైపో పరుగెత్తుతారు. ముందు సిటీ బస్సు పాసుతో తిరిగి రాగలిగినవి చూడండి. చైతన్యపురిలో, మూసీ ఒడ్డున, కోసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద ప్రాకృత శాసనం ఉంది. విష్ణుకుండి వంశపు రాజు గోవిందవర్మ పేరుతో వెలసిన గోవిందరాజ విహారం ప్రస్తావన అందులో ఉంది. అపార్టుమెంట్ల మధ్య బౌద్ధ విహారం జాడ అది. కీసరగుట్టలో ఒక గుండు మీద ‘తొలచువాండ్రు’ అన్న మాట చెక్కి ఉంది. రాయి తొలిచినవాళ్ళు తమను తాము రాసుకున్న తెలుగు మాట అది, తెలంగాణలో దొరికిన తొలినాటి తెలుగు రాతల్లో ఒకటి. రెండు చోట్లా కూర్చుని మీ కంటితో గీసుకుని, పుస్తకాల్లో ప్రచురించిన పాఠంతో పోల్చుకోండి. ఎన్ని అక్షరాలు తప్పు పోయాయో అదే మీ మొదటి పరీక్ష.

మౌలాలీలోనూ, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనూ ఇనుప యుగపు బృహత్‌శిలా సమాధులు, అంటే పెద్ద పెద్ద రాళ్ళతో కట్టిన సమాధులు, బయటపడ్డాయి. రాళ్ళను వలయంగా పేర్చిన తీరు ఒకసారి కంటికి అలవాటైతే బస్సు కిటికీలోంచి కూడా పోల్చుకుంటారు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖ శాతవాహనుల కాలపు పట్టణాన్ని తవ్వింది. అక్కడి మ్యూజియంలో సగం రోజు గడపండి, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో మరో సగం. అక్కడి ఈజిప్టు మమ్మీ దగ్గర గుంపు ఉంటుంది, పెంకుల గాజు పెట్టెల దగ్గర మీరు ఒక్కరే ఉంటారు, తీరికగా చూసుకోవచ్చు.

కాగితాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. పాత నగరం పని వస్తే 1908 మూసీ వరద తరువాత లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో 1912-15 మధ్య తయారైన మునిసిపల్ పటాలు లేకుండా ఒక్క అడుగు వేయకండి. ఏ బావి ఎక్కడ ఉండేదో, ఏ గోడ ఏ సందులో తిరిగేదో వాటిలో ఉంది.

అన్నింటికన్నా చవకైన పటం మాత్రం జనం నోట్లో ఉంది. ‘ఇక్కడ పురావస్తు స్థలం ఉందా?’ అని అడిగితే ఊళ్ళో ఎవరూ పలకరు. ‘పాటిగడ్డ ఎక్కడ?’ అని అడగండి. పాత ఊరు మట్టయిపోయిన దిబ్బను తెలుగు రైతు తరతరాలుగా పాటి అంటున్నాడు, ఆ మన్ను పొలానికి బలమని బండ్లకెత్తి తోలుకున్నాడు. మన బేగంపేట పక్కన ఉన్న పాటిగడ్డ పేరు పలికినప్పుడల్లా నాకు ఆ దిబ్బలే గుర్తుకొస్తాయి. అలాగే రాకాసి గుళ్ళు అంటే బృహత్‌శిలా సమాధులు. నిలువురాళ్ళు, వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు), బూడిద దిబ్బ, చిట్టెపు రాళ్ళు, ఈ మాటలన్నీ మీ నోటుపుస్తకం మొదటి పేజీలో ఉండాలి. చిట్టెం అంటే ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి. అది కుప్పలుగా ఉందంటే దగ్గరలో ఎప్పుడో కొలిమి నడిచినట్టే.

4. పని ఎవరి దగ్గర ఉంటుంది

శాఖల వైపే చూస్తూ కూర్చుంటే పస్తులే. నాకు వచ్చిన పని ఎక్కువగా ఊహించని గుమ్మాల నుంచే వచ్చింది.

అందరికన్నా ముందు ఆర్కిటెక్టులు. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అని 1958 చట్టానికి 2010లో వచ్చిన సవరణ చెబుతోంది. చార్మినార్, గోల్కొండ చుట్టుపక్కల ఇల్లు బాగుచేసుకోవాలన్నా జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ దాకా దరఖాస్తు వెళ్ళాలి. ఆ దరఖాస్తులకు, పాత హవేలీల మరమ్మతు పథకాలకు కట్టడం చరిత్ర, పొరలు, కొలతలు రాసిచ్చే మనిషి కావాలి. ఆర్కిటెక్టుకు గోడ తెలుసు. ఆ గోడలో ఏ భాగం ఎప్పటిదో చెప్పేది మీరు.

తరువాత గుడి కమిటీలు, గ్రామ చరిత్ర రాయించుకునే పెద్దలు. అమెరికాలో ఉన్న కొడుకు ఊరి పేరున పుస్తకం వేయిస్తానంటాడు, తండ్రి మీకు ఫోను చేస్తాడు. ఈ పనిలో డబ్బుంది, ముళ్ళూ ఉన్నాయి. రాముడు వనవాసంలో ఇక్కడే ఆగాడని మొదటి పేజీలో రాయమంటారు. నేను పుస్తకాన్ని రెండుగా విడగొడతాను. ‘ఊరు చెప్పుకునే కథ’ ఒక అధ్యాయం, అందులో రాముడు హాయిగా ఉంటాడు. ‘రాళ్ళు చెప్పే కథ’ మరో అధ్యాయం, అందులో కాకతీయుల దగ్గర నుంచే మొదలవుతుంది. ఇందుకు ఒప్పుకోనివారితో టీ తాగి వచ్చేయాలి.

విశ్వవిద్యాలయాలు, శాఖలు తవ్వకాలు జరిపేటప్పుడు రోజుకూలీ మీద చిత్రకారులను, ఫోటోగ్రాఫర్లను, తవ్వే గుంతను దగ్గరుండి చూసుకునేవారిని పెట్టుకుంటాయి. డబ్బు తక్కువే. కానీ లైసెన్సున్న తవ్వకంలో మీరు మట్టిని చట్టబద్ధంగా ముట్టుకునే దారి ఇదొక్కటే, కాబట్టి ఏడాదికి ఒకసారైనా వెళ్ళండి. ఇబ్రహీంబాగ్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి రాష్ట్ర శాఖతో కలిసి చేసిన పునరుద్ధరణ లాంటి పెద్ద పనుల్లోనూ సున్నం మేస్త్రీ నుంచి పత్రాల నిపుణుడి దాకా రకరకాల మనుషులు అవసరమవుతారు. వారసత్వ నడకలు, బడిపిల్లల శిక్షణ శిబిరాలు పక్క ఆదాయం. ఆదివారం పొద్దున నడక, సోమవారం కూరగాయలు, నా మొదటి రెండేళ్ళు అలాగే గడిచాయి.

పాత నాణేలు, విగ్రహాలు తెచ్చి “దీని ధర ఎంత ఉంటుంది?” అని అడిగేవారు కూడా గుమ్మం ఎక్కుతారు. ధర ఎప్పుడూ చెప్పకండి, ఉత్తుత్తి మాటగా కూడా చెప్పకండి. పురావస్తువును ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేయించే పద్ధతి చెప్పి పంపించేయండి. మీ పేరు మీద ఒక ధర బయటికి వెళ్ళిందంటే ఆ వస్తువు పోలీసుల చేతికి చిక్కిన రోజు మిమ్మల్ని కూడా పిలుస్తారు.

5. డబ్బు మాట ముందే మాట్లాడండి

నా మూడో ఏట నగరంలోని ఒక కన్సల్టెన్సీకి ఒక పాత బంగళా మీద అరవై పేజీల నివేదిక ఇచ్చాను. అంతా నోటి మాట మీదే జరిగింది. నెల తరువాత అదే నివేదిక వాళ్ళ అట్టతో, నా పేరు లేకుండా ఒక సమావేశంలో కనిపించింది. డబ్బు ఇప్పటికీ రాలేదు. అప్పటి నుంచి రెండు పేజీల ఒప్పందం లేకుండా టేపు కూడా బయటికి తీయను. అందులో ఉండవలసినవి ఇవి: ఏ పని, ఎన్ని రోజులు, ఎన్ని చిత్రాలు, సవరణలు ఎన్నిసార్లు, నివేదిక మీద ఎవరి పేరు, ఫోటోల హక్కు ఎవరిది, డబ్బు ఎప్పుడెప్పుడు. నేను సంతకం రోజున నలభై శాతం, క్షేత్ర పని ముగిశాక ముప్పై, నివేదిక అందజేసేటప్పుడు మిగిలిన ముప్పై తీసుకుంటాను. చివరి ముప్పై కోసం ఎప్పుడూ తిరగవలసిందే, అందుకే దాన్ని చిన్నదిగా ఉంచుతాను.

రేటు వేసేటప్పుడు కొత్తవాళ్ళు క్షేత్రంలో తిరిగిన రోజులే లెక్కిస్తారు. నా అనుభవంలో ఊళ్ళో ఒక రోజు తిరిగితే గదిలో మూడు రోజుల పని తయారవుతుంది. ఫోటోలకు పేర్లు పెట్టడం, అచ్చులు ఆరబెట్టి చదవడం, పాత ప్రచురణలు వెతకడం, పటం గీయడం. నాలుగు రోజులకూ డబ్బు అడగండి.

ఫీజు ఇచ్చే కంపెనీ సాధారణంగా పది శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. రిటర్ను వేస్తేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది, కనుక ఆదాయం తక్కువైనా రిటర్ను మానకండి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. ఆ ఇబ్బంది మీకు త్వరగా రావాలని కోరుకుంటున్నాను.

6. ఊళ్ళో అడుగుపెట్టే పద్ధతి

ఇది జాగ్రత్తగా చదవండి, ఇక్కడ తప్పు చేస్తే దెబ్బలు తింటారు. భుజాన సంచి, చేతిలో టేపు, కాళ్ళకు బూట్లతో గుట్ట ఎక్కే కొత్త మనిషి ఊరివారి కంటికి గుప్తనిధుల ముఠా మనిషే. యాదగిరిగుట్ట వైపు ఒక పల్లెలో నన్ను, నాతో ఉన్న విద్యార్థిని సాయంత్రం దాకా పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టారు. వాళ్ళ తప్పేమీ లేదు. అంతకు ముందు నెలలోనే ఎవరో వచ్చి గుడి వెనక నంది కింద గొయ్యి తవ్వి పోయారు.

కాబట్టి ముందు రోజే సర్పంచికి ఫోను చేయండి. పని ఇచ్చిన సంస్థ లెటర్‌హెడ్ మీద తెలుగులో ఒక పేజీ ఉత్తరం తీసుకుని, ఒక నకలు పోలీస్ స్టేషనులో, ఒకటి తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఊళ్ళోకి వెళ్ళాక నేరుగా గుట్ట ఎక్కకుండా రచ్చబండ దగ్గర పావుగంట కూర్చోండి. ఊరి పెద్దాయన ఒకరిని వెంట రమ్మని అడగండి. “మీరు ముందు నడవండి పెద్దాయనా, మీకు తెలిసినన్ని రాళ్ళు మాకేం తెలుసు” అంటే ఆయన సంతోషంగా వస్తాడు. అది పొగడ్త కూడా కాదు, ఆయనకు నిజంగానే తెలుసు.

సంచిలో పార, గునపం, మెటల్ డిటెక్టర్ ఉండకూడదు. మెటల్ డిటెక్టర్ అద్దెకిస్తామని ఎవరైనా అంటే ఆ నంబరు తీసేయండి. ఉండవలసినవి టేపు, నలుపు తెలుపు గళ్ళ స్కేలు, దిక్సూచి, గుండు దారం, సుద్దముక్క కాకుండా పెన్సిలు, రెండు సీసాల నీళ్ళు. శాసనం గాట్లలో సుద్ద పూసి ఫోటో తీసే అలవాటు పాతవాళ్ళలో ఉంది. సుద్ద పూసినవారికి ఏది అక్షరమని తోస్తే అదే ఫోటోలో అక్షరమవుతుంది.

డ్రోను అంటే మోజు ఎక్కువైంది. 250 గ్రాములకు మించని నానో డ్రోనుకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్న మాట నిజమే. కానీ బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమాన స్థావరాల చుట్టూ ఎగరేయడానికి వీల్లేని మండలాలున్నాయి. రక్షిత కట్టడాల మీద శాఖ అనుమతి కావాలి. ఏఎస్‌ఐ కట్టడాల దగ్గర ట్రైపాడ్ నిలబెట్టాలన్నా ముందు అడగాలి. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) నడిపే భువన్ వెబ్‌సైటులోని ఉపగ్రహ చిత్రాలు ఉచితం, పాటిదిబ్బ ఆకారం చూడటానికి చాలాసార్లు అవే సరిపోతాయి.

కాలం సంగతి. కోత అయిపోయి పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు నడవండి. తొలకరి దుక్కి తరువాత ఒక వాన పడితే పెంకులు కడిగి పెట్టినట్టు పైకి తేలుతాయి, ఆ వారం బంగారం. కనిపించినవాటిని అక్కడికక్కడే స్కేలు పక్కన ఫోటో తీసి, స్థానం రాసుకుని, అక్కడే వదిలి రండి.

7. కొత్తది దొరికిందనుకున్నప్పుడు

నా మొదటి ‘అరుదైన శాసనం’ వార్త పత్రిక జిల్లా పేజీలో మూడు కాలాల్లో వచ్చింది, నా ఫోటోతో సహా. మూడో రోజు ఒక విశ్రాంత శాసన పరిశోధకుడు ఫోను చేశారు. ఎంతో మెత్తగా, “బాగా చదివావు బాబూ. మేమూ దాదాపు అలాగే చదివి జిల్లా శాసన సంపుటంలో వేశాం” అన్నారు. ఆ సంపుటం నా ట్రంకు పెట్టెలోనే ఉంది. ఊరి పేరు పాత రూపంలో ఉండటంతో నేను సూచికలో చూడలేదు.

అందువల్ల పత్రికకు చెప్పేముందు వరుసగా చూడవలసినవి ఉన్నాయి: జిల్లాల వారీ శాసన సంపుటాలు, ఏఎస్‌ఐ వార్షిక శాసన నివేదికలు, 1953-54 నుంచి వెలువడుతున్న ‘ఇండియన్ ఆర్కియాలజీ – ఎ రివ్యూ’, నిజాం పురావస్తు శాఖ నివేదికలు. 1914లో ఆ శాఖ మొదలైనప్పటి నుంచి, దాని మొదటి డైరెక్టరు గులాం యజ్దానీ హయాంలో, మీరు నడిచే దారుల్లో చాలా దూరం వాళ్ళు ముందే నడిచి ఉన్నారు. ఊరి పేరును మూడు రకాల వర్ణక్రమాల్లో వెతకండి.

నిజంగా కొత్తదైతే రాష్ట్ర వారసత్వ శాఖకు రాతపూర్వకంగా తెలియజేయండి. విడి వస్తువులు, నాణేలు దొరికితే కలెక్టరుకు కూడా. తేదీ, స్థానం, ఫోటోలు జతచేసి, మీ నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి. పత్రికకు ఊరి పేరు చెప్పండి, సర్వే నంబరు చెప్పకండి. ‘పురాతన విగ్రహం’ అన్న వార్త వచ్చిన వారానికే ఆ విగ్రహం మాయమైన ఊళ్ళున్నాయి.

పని ముగిశాక శాసనం అచ్చును స్కాన్ చేసి, పాఠం, తేలిక తెలుగులో అర్థం కింద రాయించి, ఫ్రేము కట్టించి ఊరి పంచాయతీ ఆఫీసుకు ఇవ్వండి. ఆ ఫ్రేము ఖర్చు మొదటి అంచనాలోనే ఒక వరుసగా వేసుకోండి. పని ఇచ్చినవారెవరూ దాని గురించి అడగలేదు. కింద చిన్న అక్షరాల్లో మీ ఫోను నంబరు ఉండనివ్వండి. రెండేళ్ళ కిందట నల్లగొండ వైపు ఒక ఊరి నుంచి పొద్దున ఆరింటికి ఫోను వచ్చింది. “సార్, రోడ్డు పెద్దది చేస్తున్నారు, మీరు నల్లరంగు కొట్టిన రాయిని జేసీబీ వాడు ఎత్తుతానంటున్నాడు, ఆపమంటారా?” ఆపమన్నాను. తహసీల్దారుకు ఫోనులో చెప్పి, వారసత్వ శాఖకు ఫోటో పంపి, మొదటి బస్సు ఎక్కాను. నేను వెళ్ళేసరికి రాయి చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు కూర్చుని బీడీలు చుట్టుకుంటున్నారు, జేసీబీ డ్రైవరు చెట్టు కింద నిద్రపోతున్నాడు.